గోల్ఫు కర్రల పనివారలు

స్కాట్లండు పార్లమెంటు 1457వ సంవత్సరమున గోల్ఫు, ఫుట్‌బాలు ఆటలను నిషేధించుచు ఒక శాసనము చేసెను. యువకులు విలువిద్యాభ్యాసమును మాని బంతుల వెంట తిరుగుచుండిరనియు, దేశమునకు ఆపద వచ్చిననాడు విలుకాండ్రు కరవగుదురనియు పాలకుల భయము. ఆ నిషేధమునే 1491లో నాలుగవ జేమ్సు రాజు మరల ప్రకటించెను. అట్టి రాజే 1502లో పెర్తు పట్టణమునందలి యొక విల్లు పనివానికి 14 షిల్లింగులిచ్చి గోల్ఫు కర్రలు కొనినట్లు ఆయన ఖజానా లెక్కలలో వ్రాయబడియున్నది. పిదప ఒక శతాబ్దమునకు, 1603లో, ఆరవ జేమ్సు తన కర్రల పనికై నియమించుకొనిన ఎడింబరో వాస్తవ్యుడు విలియం మేను సైతము విల్లు పనివాడే. ఏ యాట విలువిద్యకు శత్రువని శాసనములు పలికినవో, ఆ యాటకు పనిముట్లను సమకూర్చినవారు వింటిని చేయు చేతులవారే యగుట గమనింపదగినది. కొయ్య ఎంతవరకు వంగును, వంగినది ఎంత వేగముగా తిరిగి నిటారగును, ఏ పోగు వెంట చీలును అను విషయములు ఆ కాలమున వారికి తెలిసినంతగా మరియొకరికి తెలియవు.

ఈ వృత్తిచరిత్రను పరిశీలించినకొలదియు, దీనికి నిర్మాణముకంటె మరమ్మతే ముఖ్యమైన గురువనుట నాకు దృఢపడుచున్నది. క్రొత్త కర్రను చేసియిచ్చినపుడు పనివాడు తన యూహను మాత్రమే ఇచ్చుచున్నాడు. అది విరిగి తిరిగివచ్చినపుడు ఆటగాని నిజస్వరూపము అతని బల్లమీదికి వచ్చుచున్నది. తల మడమవైపున చిట్లెనా, కొనవైపున చిట్లెనా, కామ అతుకుకడ విరిగెనా, నడుమ విరిగెనా, పిడితోలు ఏ వ్రేలిక్రింద అరిగెను అనునవన్నియు ఆ మనుష్యుని ఎత్తును, బలమును, తొందరపాటును తెలుపును. తరువాతి కర్రను అతనికి తగినట్లు చేయుటకు ఇంతకు మించిన కొలత యుండదు.

ప్రాచీనమైన గోల్ఫు కర్ర యొక్క నిర్మాణమును కొంత నిదానముగా చెప్పవలసియున్నది. తలకు బీచ్, ఆపిల్, పియర్, బ్లాక్‌థార్న్ కొయ్యలను వాడుచుండిరి. కామకు తొలుత యాష్, హేజెల్ కొయ్యలును, పందొమ్మిదవ శతాబ్దమున అమెరికానుండి వచ్చిన హికరీయు వాడుకలో నుండెను. తలనుండి సాగిన మెడను, కామ యొక్క క్రింది కొనను ఏటవాలుగా, పొడుగుగా చిత్రికపట్టి, ఆ రెండు వాలుముఖములను పశుచర్మమునుండి కాచిన సరేసుతో అతికి, పైన తారు పట్టించిన దారమును వరుస తప్పకుండ బిగించి చుట్టెడివారు. తల వెనుకభాగమున గుంట తొలిచి, కరిగిన సీసమును పోసి బరువు కూర్చెడివారు. నేలకు తగులు ముందంచు అరిగిపోకుండుటకై పొట్టేలి కొమ్మునుండి కోసిన పలకను కొయ్యమేకులతో దిగగొట్టెడివారు. పిడికి గుడ్డపేలికలు చుట్టి, వానిపైన గొఱ్ఱెతోలు కప్పెడివారు. ఇందులో ఒక్కొక్క యంగమును వేఱుచేసి మార్చుటకు వీలైనదే. దారము వదులైన మరల చుట్టవచ్చును. కామ విరిగిన తలను నిలుపుకొని క్రొత్త కామ నతుకవచ్చును. సీసమును తోడి తగ్గింపవచ్చును, చేర్పవచ్చును. మరమ్మతునకు లొంగునట్లుగానే ఆ కాలపువారు ఆ వస్తువును కల్పించిరి.

సెయింట్ ఆండ్రూస్ పట్టణమునందలి హ్యూ ఫిల్పు ఈ వృత్తిలో మిక్కిలి ప్రసిద్ధిగాంచినవాడు. ఆయన మొదట ఇండ్ల వడ్రంగము చేసినవాడు. కర్రలను బాగుచేయుటతో ప్రారంభించి, వానిని చేయుటలో పేరుపొంది, 1819లో సెయింట్ ఆండ్రూస్ గోల్ఫు సంఘమునకు అధికారికమైన పనివాడయ్యెను. ఈ సంఘమే 1834లో రాజానుగ్రహమువలన రాయల్ అండ్ ఏన్షియెంట్ క్లబ్బను పేరు వహించినది. ఫిల్పు చేసిన పటర్లకు, అనగా బంతిని గుంటలోనికి దొర్లించు కర్రలకు, సన్నగా పొడుగుగా సాగిన తలలుండును. ఆ రేఖలలోని సౌకుమార్యము చూచినవారిని ఇప్పటికిని ఆకర్షించును. ఆయన 1856లో మరణించిన పిదప ఆయన ముద్రను దొంగిలించి నకిలీలు చేసి అమ్మినవారును గలరు. ఆయన మేనల్లుడు రాబర్టు ఫర్గను ఆ దుకాణమును పెంపొందించి హికరీ కామల వాడుకను విస్తరింపజేసెను. 1863లో వేల్సు యువరాజునకు పనివాడుగా నియుక్తుడై, యువరాజు చిహ్నమైన ఈకల గుర్తును తన కర్రలపై ముద్రించు అధికారమును పొందెను.

ఫిల్పు జీవితపు చివరి దినములలోనే ఈ వృత్తిని తలక్రిందు చేసిన మార్పొకటి వచ్చినది. అంతవరకు బంతియనగా తోలుసంచిలో ఉడికించిన ఈకలను కూరి కుట్టినది. అది మిక్కిలి ఖరీదైనది. నేర్పరియైన పనివాడును దినమునకు నాలుగింటికంటె ఎక్కువ చేయుట కష్టము. 1848 ప్రాంతమున మలయా అడవులలోని చెట్లపాలు గడ్డకట్టగా నేర్పడిన గట్టాపెర్చాతో చేసిన బంతులు వచ్చినవి. చవుక, గట్టితనము, వానకు చెడకుండుట వీని గుణములు. పగిలినను వేడినీట మెత్తబరచి మరల గుండ్రముగా చేసికొనవచ్చును. నున్నని క్రొత్త బంతికంటె దెబ్బలు తిని గాట్లు పడిన పాతబంతి చక్కగా ఎగురుచుండెనని ఆటగాండ్రు గ్రహించిరి. తరువాత క్రొత్తబంతిపైననే పనివారు సుత్తితో గాట్లు కొట్టసాగిరి. చెడిన వస్తువే మంచివస్తువునకు మాదిరియైన యీ యుదాహరణమును నేనెన్నడును మరువలేను. ఈకల బంతుల వ్యాపారముతో జీవించిన ఆలన్ రాబర్టుసను ఈ క్రొత్తబంతిని ద్వేషించెను. ఆయన దుకాణములో పనిచేయుచుండిన టామ్ మోరిస్ దానితో ఆడెనను కారణమున ఇరువురకును ఎడబాటు కలిగి, మోరిస్ 1851లో ప్రెస్ట్‌విక్కునకు వెడలిపోయెను. తరువాత ఆయన సెయింట్ ఆండ్రూస్‌నకు తిరిగివచ్చి, మైదానపు చివరి గుంట ప్రక్కన పెట్టిన దుకాణము ఈ వృత్తికి గురుకులమైనది.

గట్టిబంతి తాకిడికి సన్ననితలలు నిలువలేదు. కొయ్య చిట్లుట నిత్యకృత్యమైనది. పనివారు తల ముఖమున చిట్లినచోటు చెక్కివేసి తోలుముక్క నతికిరి. తలలను పొట్టిగా, లావుగా మలచిరి. 1890ల నాటికి ఏటవాలు అతుకు స్థానమున, తలకు రంధ్రము తొలిచి కామను దిగగొట్టు పద్ధతి వ్యాపించినది. ఈ మార్పులలో అధికభాగము మరమ్మతు బల్లమీద పుట్టినవే.

ఆ బల్లకడ జరుగు పనులలో కామను సరిచూచుట మిక్కిలి సూక్ష్మమైనది. ఆరి పక్వమైన హికరీ ముక్కను చిత్రికపట్టి, పదునైన ఉక్కురేకుతో గీకుచు, కంటికెత్తి వంకరను చూచుచు, కొనను నేలకానించి నడుమ నొత్తి దాని స్పందనమును అరచేత గ్రహించుచు, మరల రెండుమూడు సారులు గీకుచు, పనివాడు ఒక్కొక్క ఆటగానికి తగిన బిగువును తెచ్చెడివాడు. మెల్లగా త్రిప్పువానికి మెత్తదనము, వడిగా కొట్టువానికి బిరుసుదనము. ఒక్కసారి పొరపాటున అధికముగా గీకినచో ఆ కొయ్యకు బిగువు మరల రాదు. తుదకు అవిసెనూనె పట్టించి అప్పగించెడివాడు. ఈ జ్ఞానమును గ్రంథస్థము చేసినవారు అరుదు. అది గురువు చేతినుండి శిష్యుని చేతికి దిగివచ్చినది.

ఇనుప కర్రల కథ వేఱు. ఈకల బంతిని ఇనుము చీల్చివేయును గనుక, బండ్లచాళ్లలోను రాళ్లలోను చిక్కినపుడు తప్ప ఇనుమును బయటికి తీసెడివారు కారు. గట్టిబంతి వచ్చుటతో ఆ భయము తొలగి కమ్మరికొలుములకు పని కలిగెను. ఒక్కొక్క కమ్మరికి ఒక్కొక్క ముద్ర. 1893లో సెయింట్ ఆండ్రూస్‌లో కొలిమి పెట్టిన టామ్ స్ట్యూఆర్టు ముద్ర పొగత్రాగు గొట్టము. అమెరికా దేశపు ఆటగాడైన బాబీ జోన్సు ఆయన ఇనుములనే వాడెను. జోన్సు తన చేతికి నచ్చినవానిని ఏరుకొనుచు కూర్చుకొనిన ఆ కర్రలను ఆయన ఆట మానిన పిదప త్రాసున తూచిచూడగా, ఒక్కటి తప్ప తక్కినవన్నియు ఒకే లెక్కకు సరిపోయెనని చెప్పుదురు. తుప్పుపట్టని ఉక్కు వాడుకలోనికి వచ్చువరకు ప్రతి ఆటయు ముగిసిన వెంటనే ఇనుములను గరుకుచక్రముపై రుద్ది మెరుగుపెట్టవలసియుండెను; రుద్దినకొలదియు లోహము తరిగి, బరువు తగ్గి, కమ్మరిముద్ర మాసిపోవుచుండెను. ఇనుపతల మెడగొట్టములో కామ విరిగి చిక్కుకొనినచో, అడ్డముగా దిగగొట్టిన సన్నమేకును వెనుకకు తట్టి తీసి, లోని కొయ్యముక్కను తొలిచి, క్రొత్త కామను దిగగొట్టి, మరల మేకు వేయుదురు.

గోల్ఫు బ్రిటిషు వారి వెంట లోకమంతట వ్యాపించినది. బ్రిటిషు దీవులకు వెలుపల తొలి గోల్ఫు సంఘము 1829లో మన కలకత్తాలోనే వెలసినది. అయినను ఈ వృత్తికి రెండవ పుట్టినిల్లు అమెరికా. స్కాట్లండునందలి కార్నౌస్టీ, డార్నక్, సెయింట్ ఆండ్రూస్‌ల యువకులు అనేకులు ఆటయు, కర్రపనియు రెండును నేర్చి ఓడలెక్కిరి. టామ్ మోరిస్ కడ నేర్చిన డొనాల్డు రాసు 1899లో అట్లే వెడలి, పిమ్మట మైదానముల నిర్మాతగా విఖ్యాతుడయ్యెను. అచ్చట వారికి పెర్సిమన్ కొయ్య లభించినది. మన తెలంగాణపు అడవులలో బీడీ ఆకు నిచ్చు తునికి చెట్టు ఈ పెర్సిమన్‌నకు సజాతీయము, ఒకే ప్రజాతికి చెందినది. ఆ దృఢత్వము, ఆ నున్నదనము తునికి చేవనెరిగిన మన వడ్రంగులకు వింతగా తోచదు. 1898 తరువాత వచ్చిన రబ్బరుచుట్ల బంతికి తట్టుకొనినది ముఖ్యముగా ఈ కొయ్యయే.

ఇక ఉక్కుకామ. దానిని అమెరికా గోల్ఫు సంఘము 1924లోను, సెయింట్ ఆండ్రూస్ పెద్దలు 1929లోను అంగీకరించిరి. 1931లో బిల్లీ బర్కు ఉక్కుకామలతో అమెరికా ఓపెన్ గెలిచెను. ఉక్కు వానకు ఉబ్బదు, మెలితిరుగదు, నూరు చేసిన నూరును ఒకేతీరున నుండును, అన్నింటికిమించి అంత సులభముగా విరుగదు. ఆటగానికిది నిస్సందేహముగా మేలు. దానిని నిందించుట న్యాయము కాదు. కాని మరమ్మతు బల్లకు ఆధారము పోయినది. కొయ్యకామలు విరుగుటచేతనే జీవించిన వందలకొలది చిన్నదుకాణములు ఒక తరములో మూతపడినవి. కర్మాగారమునుండి అంకెలువేసిన జతలు దిగినవి. కొందరు ఇరువదికి పైగా కర్రలను మోయించుటచే, 1938లో అమెరికాయందును, 1939లో బ్రిటనునందును పదునాల్గింటికి మితి పెట్టవలసివచ్చెను. కొయ్యకాలమున ఒక్కొక్క కర్ర ఆటగానితో పెరిగినది. ఇప్పుడు ఆటగాడు జతకు సర్దుకొనవలసివచ్చినది.

చేతివిద్య పోయినచోట తూనిక వచ్చినది. 1920లలో రాబర్టు ఆడమ్సు కల్పించిన త్రాసు పిడికొననుండి 14 అంగుళముల దూరమున ఆనికపెట్టి, తల ఎంత బరువుగా క్రిందికి లాగునో అక్షరముతోను అంకెతోను చూపును. పురుషుల కర్రలకు డి-2 వంటివి నేటికిని పరిచితములు. పూర్వపు పనివాడు అరచేత నెరిగినదానినే ఈ త్రాసు చూపినది, కాని అందులో ఒక పాలు మాత్రమే. కాన్సాస్ సిటీలో కెన్నెత్ స్మిత్ ఈ తూనికను ప్రచారము చేసి, టపామూలముగా ఆటగాండ్ర కొలతలు తెప్పించుకొని కర్రలు చేసి పంపుచుండెను.

ఈ తోవలో మిక్కిలి దూరము నడిచిన కార్‌స్టెన్ సొల్‌హైము నార్వేలో పుట్టి, అమెరికాలో తొలుత చెప్పులు బాగుచేయు వృత్తితో జీవించి, పిమ్మట ఇంజనీరైన వాడు. పాదమునకు జోడును సరిచేసిన చేయి ఈ రంగమునకు వచ్చుటలో నాకొక ఔచిత్యము గోచరించుచున్నది. 1959లో ఆయన తన ఇంటి గ్యారేజీలో చేసిన పటర్‌నకు, బంతిని తాకినపుడు పుట్టు శబ్దమునుబట్టియే పింగ్ అను పేరు వచ్చినది. తలబరువును నడుమనుండి తీసి రెండు కొనలకు జరుపుటచే, గురి తప్పి కొట్టినను ముఖము మెలితిరుగుట తగ్గెను. 1972లో ఆయన ఇనుములపై రంగుచుక్కలు వేయు పద్ధతిని స్థాపించెను. ఒక్కొక్క రంగు తలకును కామకును గల ఒక్కొక్క కోణమును సూచించును. ఆటగాని ఎత్తును, మణికట్టు నేలకు ఎంత యెత్తున నుండునో దానిని బట్టి రంగును నిర్ణయింతురు. కోణము నిటారైన బంతి ఒక వైపునకు, చదునైన మఱొక వైపునకు పోవును.

నేటి దుకాణములలో ఆ కోణమును చూచుటకు ఇనుము అడుగున అంటుపట్టీ వేసి, గట్టిపలకమీదినుండి బంతిని కొట్టింతురు. పట్టీపైన గీత మడమవైపు పడినచో కోణము అధికమనియు, కొనవైపు పడినచో తక్కువయనియు తెలియును. పోత ఇనుము బిరుసైనది, ఎక్కువ వంచిన విరుగును. సాగగొట్టిన మెత్తని ఇనుమును బిగింపుయంత్రమున పెట్టి, పొడుగైన కడ్డీతో మెడను ఒకటి రెండు డిగ్రీలు వంతురు. వేడిగాలితో జిగురును మెత్తబరచి కామ నూడదీయుట, లోపలి జిగురును గీకి క్రొత్త కామను నిలుపుట, పిడిరబ్బరును కోసి మార్చుట నిత్యమును జరుగుచున్నవి. 2008లో నియమములు సడలినప్పటినుండి, ఒక్క మరను త్రిప్పి కోణమును మార్చుకొనగల తలలు గూడ వచ్చినవి. అయినను మెత్తని ఇనుములు వేలకొలది దెబ్బలు తినగా కోణము కొద్దికొద్దిగా మారును. ఆటగాండ్రు వానిని మరల బల్లకు తెత్తురు. పనివాడు ముందుగా ముఖమున బంతి తాకిన మచ్చలను వెలుతురుకెత్తి చూచును. అవి అధికముగా కొనవైపున నున్నచో, కోణమును ముట్టకముందే కామ పొడుగును కొలుచును.