మోగితే తిరిగి మోగాలి

1890 ప్రాంతంలో బెంగాల్ నాగపూర్ రైల్వే బిలాస్‌పూర్ మీదుగా పట్టాలు వేసింది. ఆ కంపెనీ కొలువుల్లో చేరి ఉత్తరాంధ్ర కుటుంబాలు కూడా అక్కడికి చేరాయి. రైల్వే కాలనీలో ఒక క్వార్టర్‌లో తెలుగు, పక్కదాంట్లో బెంగాలీ, ఎదురుగా ఒడియా; డ్యూటీలో అందరికీ తోడు ఛత్తీస్‌గఢీ, హిందీ. ఇంతమంది కలిసి ఒకే లైను మీద బండ్లు నడపాలి. మాట తప్పుగా చేరితే పోయేది ప్రాణాలే.

దీనికి మందు మాత్రం అంతకుముందే, ఒకే భాష మాట్లాడేవాళ్ళ మధ్య జరిగిన ఘోరంలోంచి పుట్టింది. 1874 సెప్టెంబరు 10 రాత్రి ఇంగ్లండులో నార్విచ్ దగ్గర థార్ప్ వద్ద, సింగిల్ లైను మీద రెండు బండ్లు ఎదురెదురుగా గుద్దుకుని 25 మంది చనిపోయారు. ఎదుటి బండిని పంపమనే తంతి, అధికారి సంతకం పడకముందే వెళ్ళిపోయింది. ఆపమని చెప్పేసరికి బండి కదిలిపోయింది. తంతి ఇచ్చినవాడికీ అందుకున్నవాడికీ భాషలో తేడా ఏమీ లేదు!

అలాంటిది మళ్ళీ జరగకుండా ఎడ్వర్డ్ టయర్ 1878లో టాబ్లెట్ (బిళ్ళ) యంత్రం తెచ్చాడు. రెండు స్టేషన్ల యంత్రాలకు తీగతో లంకె. ఒక బిళ్ళ బయటికొస్తే, దాన్ని మళ్ళీ యంత్రంలో పెట్టేదాకా రెండోది రాదు. బిళ్ళ లేనిదే డ్రైవరు బండి తీయకూడదు. మన రైల్వేల్లో అదే పనిని నీల్ పరికరంలోని ఇనుప బంతి చేసింది.

నాకు అంతకంటే గొప్పగా తోచేది, ఇలా రెండు స్టేషన్లను కలిపే బ్లాక్ పరికరంలోని గంట. ఒక్క దెబ్బ: ఇటు చూడు. రెండు: లైన్ క్లియరా? మూడు: బండి సెక్షన్‌లోకి, అంటే రెండు స్టేషన్ల మధ్య లైనులోకి, వచ్చింది. నాలుగు: బయటపడింది. ఆరు: ప్రమాదం, దారిలో అడ్డు. కొట్టగానే సరిపోదు, అవతలి స్టేషన్ మాస్టర్ అన్నే దెబ్బలు తిరిగి కొట్టాలి. చెప్పానన్న నమ్మకం మీద కాదు, విన్నానన్న జవాబు మీద బండి నడుస్తుంది. విజయనగరం మనిషికీ బిలాస్‌పూర్ మనిషికీ ఒకరి యాస ఒకరికి అందకపోయినా ఆరు దెబ్బల్లో అనుమానం లేదు.

ఫోనులో మాట్లాడుకోవాల్సి వచ్చినప్పుడు ప్రైవేట్ నంబరు ఉంది. అచ్చువేసిన కాగితం మీద వరుస లేని అంకెలు. లైన్ క్లియర్ ఇచ్చే మాస్టర్ వాటిలో తర్వాతిది చెప్పి, కాగితం మీద దాన్ని గీత పెట్టి కొట్టేస్తాడు. అవతలివాడు దాన్ని తన రిజిస్టరులో రాసుకుంటాడు.