పెదాలు ముందు, మాట వెనక.. వీడియోలో ఆడియో సింక్ తప్పిందా? ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలంటే..

పెళ్లి వీడియో, ఇంట్లో పెద్దవాళ్ల మాటల రికార్డింగ్.. ఇవి మళ్లీ తీయలేం. తీరా చూస్తే పెదాల కదలికకు, మాటకు పొంతన ఉండదు. అలాగని కనిపించిన సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసేయొద్దు. తేడా ఎలాంటిదో తెలిస్తేనే ఏది వాడాలో తెలుస్తుంది.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య సిఫార్సు ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు ఆలస్యమైనా ప్రేక్షకుడు పసిగడతాడు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు. అంటే కొన్ని ఫ్రేముల తేడా చాలు, దొరికిపోతుంది.

ముందు బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ తీసేసి చూడండి. తేడా పోతే ఫైల్ బాగున్నట్టే. పోకపోతే వీడియోను మొదట్లో, మధ్యలో, చివర్లో గమనించండి.

తేడా అంతటా ఒకేలా ఉందా?

విండోస్ కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ చాలు. మాట ఆలస్యమైతే ‘జె’, ముందొస్తే ‘కె’ నొక్కాలి. ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు మారుతుంది. కానీ ఈ మార్పు చూసేటప్పుడే, ఫైల్‌లో సేవ్ కాదు. శాశ్వతంగా సరిచేయాలంటే స్క్రీన్‌పై కనిపించిన అంకెను ఎంకేవీటూల్‌నిక్స్‌లో ఆడియో ట్రాక్ ‘డిలే’ దగ్గర ఇవ్వాలి. మైనస్ గుర్తు ఉంటే దాంతో సహా! వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయదు కాబట్టి క్వాలిటీ తగ్గదు. ఫైల్ మాత్రం ఎంకేవీగా వస్తుంది.

పోనుపోను పెరుగుతోందా?

ఇక్కడ డిలే మార్చినా లాభం లేదు. మొదట్లో సరిచేస్తే చివర్లో తప్పుతుంది. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేట్‌ను మారుస్తూ రికార్డ్ చేస్తాయి. ఎడిటింగ్‌లో పెట్టగానే అది ఇలా బయటపడొచ్చు. హ్యాండ్‌బ్రేక్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్’ ఎంచుకుని మార్చుకున్నాకే ఎడిటింగ్ మొదలుపెట్టాలి.

మైక్ ఆడియో విడిగా ఉందా?

డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో ‘ఆటో సింక్ ఆడియో’ ఉంది. వేవ్‌ఫామ్ ఆప్షన్ ఎంచుకుంటే కెమెరా ఆడియోతో పోల్చి రెండింటినీ జత చేస్తుంది. అయితే మంచి గ్రాఫిక్స్ కార్డు, ఎక్కువ ర్యామ్ కావాలి. పాత ల్యాప్‌టాప్ అయితే కేడెన్‌లైవ్ తేలిక. ఇదీ ఉచితమే. ఆడియోను రిఫరెన్స్‌గా పెట్టి మిగతా క్లిప్‌లను దానికి అలైన్ చేయొచ్చు. కెమెరాలోనూ శబ్దం రికార్డ్ అయి ఉంటేనే ఇది పనిచేస్తుంది. అందుకే షూటింగ్ మొదట్లో కెమెరా ముందు ఒక్క చప్పట్లు కొట్టండి. ఆటో సింక్ విఫలమైనా చేతులు కలిసిన ఫ్రేమ్ చూసి మీరే సరిచేసుకోవచ్చు.

ఇవి మర్చిపోవద్దు

పైన చెప్పినవన్నీ ఉచితమే కాబట్టి క్రాక్ వెర్షన్ల జోలికి వెళ్లొద్దు. అధికారిక సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి. ఏం చేసినా కాపీ మీదే చేయండి. ఒరిజినల్ ఫైల్ డిలీట్ చేస్తే ఆ మాట, ఆ దృశ్యం మళ్లీ దొరకవు.