నిమ్మ సీతాకోకచిలుక పెంపకం

నిమ్మ సీతాకోకచిలుక (శాస్త్రీయ నామం: పాపిలియో డెమోలియస్) గుడ్లను లేదా గొంగళిపురుగులను ఇంటివద్ద వలగూటిలో ఉంచి, ఆకులు అందించి, రెక్కలు వచ్చాక స్వేచ్ఛగా వదిలివేయడమే నిమ్మ సీతాకోకచిలుక పెంపకం. గుడ్డు, లార్వా, ప్యూపా, ప్రౌఢజీవి అనే నాలుగు దశల సంపూర్ణ రూపవిక్రియను విద్యార్థులు కళ్ళారా చూడడానికి ఇది సులభమైన మార్గం. వాతావరణాన్ని బట్టి ఇందుకు సుమారు ఒక నెల పడుతుంది.

పరిచయం

ఈ జాతిని 1758లో లిన్నేయస్ వర్ణించాడు. ఇది పాపిలియోనిడే కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలో అనేక జాతులకు వెనుక రెక్కల చివర తోకలు ఉంటాయి, దీనికి ఉండవు. నల్లని రెక్కలపై పసుపు మచ్చలు దీని గుర్తు. నిమ్మ, నారింజ, బత్తాయి, మారేడు, కరివేపాకు మొక్కలు లార్వాకు ఆహారం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఈ మొక్కలున్న పెరళ్ళలో ఇది తరచుగా కనిపిస్తుంది. కరివేపాకుపై కామన్ మార్మన్ అనే మరొక జాతి పురుగులు కూడా పెరుగుతాయి. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి.

చరిత్ర

గొంగళిపురుగులను పెంచి, వాటి మార్పులను చిత్రించిన తొలితరం పరిశీలకులలో మరియా సిబిల్లా మెరియన్ (1647-1717) ప్రసిద్ధురాలు. జర్మనీలో పుట్టిన ఈమె బాల్యంలో పట్టుపురుగులతో పరిశీలన ప్రారంభించింది. సురినామ్ కీటకాలపై ఈమె గ్రంథం 1705లో వెలువడింది. ప్రతి పురుగునూ అది తినే మొక్కతో కలిపి చిత్రించడం ఈమె ప్రత్యేకత.

వలగూడు

చెక్క లేదా తీగ చట్రానికి దోమతెర గుడ్డ చుట్టి వలగూడు తయారు చేయవచ్చు. రెక్కలు పూర్తిగా విప్పుకొనేందుకు తగిన ఎత్తు, వెడల్పు ఉండాలి. మూసిన గాజుసీసా పనికిరాదు. తేమ చేరి బూజు పడుతుంది. గూటిని నేరుగా ఎండ తగలని, గాలి వచ్చే చోట, చీమలు చేరకుండా ఉంచాలి. అడుగున కాగితం పరచి, విసర్జితాలతో సహా రోజూ తీసివేయాలి.

కొమ్మను నీటిసీసాలో నిలిపినప్పుడు సీసా మూతిని దూదితో మూయాలి. లేకపోతే పురుగులు నీటిలో పడి చనిపోతాయి. పురుగు దొరికిన జాతి మొక్క ఆకులనే చివరివరకు పెట్టాలి. పురుగుమందు చల్లిన ఆకులు ప్రాణాంతకం. బజారులో కొన్న కరివేపాకుకు మందు చల్లారో లేదో తెలియదు కనుక దానిని వాడరాదు.

దశలు

* గుడ్డు: లేత ఆకులపై విడివిడిగా, లేత పసుపు రంగులో, ఆవగింజ కంటె చిన్నదిగా ఉంటుంది. కొద్ది రోజులలో పొదుగుతుంది.
* లార్వా: ఐదు అంతర్దశలు. మొదటి నాలుగింటిలో పక్షి రెట్టలా కనిపించి శత్రువులను ఏమారుస్తుంది. ఐదవదానిలో ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనుకనుండి రెండు కొమ్ముల వంటి అవయవాన్ని చాపి ఘాటైన వాసన వదులుతుంది. కుబుసం విడిచే ముందు కదలక ఉంటుంది, అప్పుడు తాకరాదు.
* ప్యూపా: తిండి మాని, పలుచని మలం విసర్జించి, పురుగు కొంతసేపు తిరుగుతుంది. ఇది రోగలక్షణం కాదు. తరువాత తోక చివరనూ నడుమునూ పట్టుదారంతో కొమ్మకు బిగించుకొంటుంది. పరిసరాలను బట్టి ప్యూపా ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటుంది.
* ప్రౌఢజీవి: ముడుచుకొన్న తడి రెక్కలతో బయటికి వచ్చి తలక్రిందులుగానో నిలువుగానో వేలాడుతుంది. ఆ సమయంలో జారిపడితే రెక్కలు వంకరగా గట్టిపడి, ఇక ఎగరలేదు. రాలిన ప్యూపాను గూటి గోడ పక్కన ఉంచితే సీతాకోకచిలుక వల పట్టుకొని పైకి ఎక్కగలదు.

శత్రువులు, వ్యాధులు

తొండలు, పక్షులు, సాలెపురుగుల నుండి వల రక్షిస్తుంది. చిన్న పరాన్నజీవి కందిరీగలు మాత్రం అప్పుడే ఏర్పడిన మెత్తని ప్యూపాలో గుడ్లు పెడతాయి; సీతాకోకచిలుకకు బదులు అనేక కందిరీగలు వెలువడతాయి. కనుక సన్నని రంధ్రాల వల అవసరం. పెద్ద పురుగులలో అప్పటికే టాకినిడ్ ఈగల పిల్లలు ఉండవచ్చు కనుక గుడ్లను తెచ్చుకోవడం మేలు. పురుగులు కిక్కిరిసి ఉంటే వ్యాధులు త్వరగా వ్యాపిస్తాయి. నల్లబడి మెత్తబడిన పురుగును వెంటనే వేరు చేయాలి.

విడుదల

రెక్కలు గట్టిపడిన తరువాత, అదే రోజు, వాన లేని వేళ, గుడ్లు దొరికిన చోటనే వదలాలి. ఒక ప్రాంతపు జీవులను మరొక ప్రాంతంలో వదలరాదు. ఆసియాకు చెందిన ఈ జాతి 2004లో కరీబియన్ దీవులలోని డొమినికన్ రిపబ్లిక్‌లో కనిపించి, అక్కడి నిమ్మజాతి తోటలకు కొత్త తెగులుగా మారింది.

మన నిమ్మ, బత్తాయి రైతులకూ ఇది పురుగే. నారుమళ్ళలో లేత మొక్కల ఆకులన్నిటినీ తినివేయగలదు. అందువలన తోటల సమీపంలో ఎక్కువ సంఖ్యలో పెంచి వదలడం తగదు. కొన్ని సీతాకోకచిలుక జాతులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తున్నది, వాటిని పట్టరాదు.

నాలుగైదు పురుగులను పెంచడం వలన ప్రకృతిలో సీతాకోకచిలుకల సంఖ్య పెరగదు. పెంపకం ప్రయోజనం పరిశీలన, జ్ఞానం. సంరక్షణకు మందు చల్లని ఆహారపు మొక్కలను, తేనెనిచ్చే పూలమొక్కలను పెరటిలో ఉంచడమే మార్గం.

ఇవి కూడా చూడండి

* సీతాకోకచిలుక
* రూపవిక్రియ
* కరివేపాకు
* నిమ్మ