నరాల మరమ్మతుకు కొవ్వు కణాలు: చరిత్ర

చేతులకూ కాళ్లకూ వెళ్లే నరం తెగినప్పుడు, దాన్ని ఆదుకునే ష్వాన్ కణాల పనిని ఒంటి కొవ్వులోంచి తీసిన కణాలతో చేయించే పద్ధతి ఇది. ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

థియొడోర్ ష్వాన్ 1839లో వర్ణించిన ఈ కణాలు నరం పోగులను చుట్టుకుని ఉంటాయి. 1850లో అగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాలను కోసి, కోతకు అవతలి భాగం శిథిలమవుతుందని చూపాడు. అక్కడ ష్వాన్ కణాలు చెత్త ఊడ్చి, బారులు తీరి, కొత్త పోగుకు దారి వేస్తాయి. ఆ దారిలో పోగు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు సాగుతుంది. మోచేతి దగ్గర తెగితే వేళ్లు చేరడానికి నెలలు పడుతుంది. ఈలోగా కండరం కృశిస్తుంది, ష్వాన్ కణాలూ నీరసిస్తాయి. రోగికి ఈ ఎదురుచూపే అసలు కష్టం.

తెగిన కొసలు అందకపోతే పిక్క వెనకాల ఉండే సూరల్ నరం ముక్కను తెచ్చి అతుకుతారు. పాదం వెలుపలి అంచు మొద్దుబారడం దానికి చెల్లించే మూల్యం. ష్వాన్ కణాలనే పెంచుదామన్నా మరో నరాన్ని కోయాలి. అందుకే ఇతర చోట్ల వెతుకులాట మొదలైంది. 2001లో మారి దెజావా బృందం ఎలుకల ఎముక మజ్జ కణాలను ష్వాన్ కణాల్లాగా మార్చింది. అదే ఏడాది పట్రీషియా జుక్ బృందం లైపోసక్షన్‌లో తీసిన కొవ్వులో ఎముకగా, మృదులాస్థిగా, కండరంగా మారగల మూలకణాలున్నాయని చూపింది. పారేసే పదార్థంలో ఇంత విలువ బయటపడటం ఈ చరిత్రలో గొప్ప మలుపు.

2007లో పాల్ కింగ్‌హామ్ తదితరులు ఎలుక కొవ్వు కణాలకు వృద్ధి కారకాలు ఇచ్చి ష్వాన్ లక్షణాలు రప్పించారు. 2010లో అలాంటి కణాలతో నింపిన ఫైబ్రిన్ గొట్టాల్లో ఎలుక తుంటి నరం పోగులు ఖాళీ గొట్టాల్లోకన్నా ముందుకు సాగాయి. అయితే వృద్ధి కారకాలు ఆపేస్తే మానవ కణాలు త్వరగా పూర్వరూపానికి మళ్లుతున్నాయని 2016లో తేలింది. అవి నిజంగా ష్వాన్ కణాలవుతున్నాయా, పోషక పదార్థాలు స్రవించి మేలు చేస్తున్నాయా అన్న చర్చలో రెండో వాదానికే బలం ఎక్కువ. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం మూలకణాలను మామూలు చికిత్సగా వాడదగింది రక్త సంబంధ జబ్బుల్లోనే. మిగిలినవన్నీ అనుమతి పొందిన ప్రయోగాల్లోనే జరగాలి.

తెలుగు మాట్లాడే నేలలో నరాల నష్టం అనగానే కుష్ఠు గుర్తుకొస్తుంది. దానికి కారణమైన బ్యాక్టీరియా ష్వాన్ కణాల్లోనే మకాం వేస్తుంది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు ఆస్పత్రి తెరిచారు. కర్ణాటకలోని పావగడలో రామకృష్ణ సేవాశ్రమం ఈ రోగులకు సేవ చేస్తోంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళౌషధ చికిత్స బ్యాక్టీరియాను చంపుతుంది; అప్పటికే చచ్చుబడిన నరాన్ని మాత్రం తిరిగి తేలేదు.