పదవి ఉంది, నిర్ణయంలో చోటు లేదు: 2016లో హెచ్‌సీయూ దళిత అధ్యాపకులు చెప్పిన మాట

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల నుంచి ప్రతి ఏటా దళిత, బహుజన కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతకు. ఆ ఇళ్ల నుంచి పీజీ, పీహెచ్‌డీ దాకా వచ్చే పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో మొదటి తరం. వాళ్ల డిగ్రీ 2008లో కర్నూలులో ఏర్పడిన రాయలసీమ విశ్వవిద్యాలయం అనుబంధ కాలేజీల్లో నడుస్తుంది. ఆ తర్వాత చాలామంది ఆశపడే చోటు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ).

1973 నాటి ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలోని 371ఇ అధికరణ ఫలితంగా 1974లో పుట్టిన విశ్వవిద్యాలయం అది. సీమ పిల్లలకు అది పరాయి చోటు కాదు.

అక్కడికి చేరిన విద్యార్థికి గైడ్‌ను ఇచ్చేది ఎవరు? ఫెలోషిప్ ఆగితే జవాబు చెప్పేది ఎవరు? హాస్టల్ నుంచి వెళ్లగొట్టే నిర్ణయం ఏ గదిలో జరుగుతుంది? ఆ గదిలో మనవాళ్లు ఉన్నారా? 2016 జనవరిలో ఈ ప్రశ్నలను బయటపెట్టింది విద్యార్థులు మాత్రమే కాదు. అక్కడి దళిత, ఆదివాసీ అధ్యాపకులు కూడా.

రోహిత్‌కు ముందు

2008లో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ చనిపోయాడు. ప్రొఫెసర్ వినోద్ పావరాల నేతృత్వంలోని కమిటీ విచారణ జరిపి, ఆ విభాగంలో గైడ్‌ల కేటాయింపు తీరులోని అస్పష్టతను ఎత్తి చూపింది. 2013లో మాదారి వెంకటేశ్ మరణించినప్పుడు కూడా గైడ్ విషయమే ప్రధాన ఫిర్యాదు. అంటే జబ్బు ఏమిటో కాగితం మీద ముందే ఉంది. అధ్యాపకుల కమిటీ రిపోర్టు రాయగలిగింది. దాన్ని అమలు చేయించే అధికారం మాత్రం వేరే చోట ఉంది.

2015-16లో జరిగింది

2015 ఆగస్టులో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కూ ఏబీవీపీకీ మధ్య గొడవ జరిగింది. ఆ నెలలోనే కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ, మానవ వనరుల మంత్రి స్మృతి ఇరానీకి ఉత్తరం రాశారు. అక్కడి నుంచి విశ్వవిద్యాలయానికి వరుసగా లేఖలు వచ్చాయి. మొదట విధించిన సస్పెన్షన్ వెనక్కి పోయింది. కొత్త వీసీ అప్పారావు పొదిలె వచ్చాక ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ సబ్‌కమిటీ మళ్లీ శిక్ష ఖరారు చేసింది. ఐదుగురు దళిత పరిశోధకులు హాస్టల్లో ఉండకూడదు. పరిపాలనా భవనంలో, ఉమ్మడి స్థలాల్లో గుంపుగా కనిపించకూడదు. విద్యార్థి సంఘం ఎన్నికల్లో నిలబడకూడదు. 2016 జనవరి మొదటి వారంలో వాళ్లు హాస్టల్ గదులు వదిలి ఆరుబయట 'వెలివాడ' వేసుకున్నారు. జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. చివరి ఉత్తరంలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ సంగతి కూడా రాశాడు.

అధ్యాపకులు ఏం చెప్పారు

జనవరి 20న స్మృతి ఇరానీ మీడియా ముందు మాట్లాడుతూ, నిర్ణయం తీసుకున్న కమిటీలో సీనియర్ దళిత ప్రొఫెసర్ ఉన్నారనే వాదన తెచ్చారు. ఇందులో కులం లేదని చెప్పడానికి అది ఆధారం.

హెచ్‌సీయూ ఎస్సీ, ఎస్టీ అధ్యాపకులు, అధికారుల ఫోరం ఆ మాటను బహిరంగంగా ఖండించింది. సబ్‌కమిటీకి నేతృత్వం వహించింది అగ్రకుల ప్రొఫెసర్ విపిన్ శ్రీవాస్తవ అని చెప్పింది. విద్యార్థి సంక్షేమ డీన్ దళితుడే అయినా, ఆయన్ను పదవి రీత్యా కలుపుకున్నారని వివరించింది. ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌లో దళిత అధ్యాపకులకు ప్రాతినిధ్యమే లేదని గుర్తుచేసింది. దళిత అధ్యాపకుల్లో పలువురు పరిపాలనా బాధ్యతలకు రాజీనామా ప్రకటించారు. ఉద్యోగాలు వదులుకోలేదు, పాఠాలు ఆపలేదు. తమ పేర్లు చూపించి నిర్ణయాన్ని సమర్థించుకునే అవకాశాన్ని పాలకులకు లేకుండా చేశారు.

కొద్దిరోజులకు వీసీ సెలవు మీద వెళ్లినప్పుడు అదే విపిన్ శ్రీవాస్తవకు తాత్కాలిక బాధ్యతలు ఇచ్చారు. దాన్నీ వ్యతిరేకించారు.

అధ్యాపకులందరిదీ ఒకే మాట కాదు. క్యాంపస్‌లో క్రమశిక్షణ ముఖ్యమన్నవాళ్లు, వీసీ పక్షం నిలిచినవాళ్లు, మౌనంగా ఉన్నవాళ్లు కూడా ఉన్నారు.

మాట్లాడినందుకు

మార్చి 22న వీసీ తిరిగి బాధ్యతలు తీసుకున్నారు. నిరసన, లాఠీచార్జి, అరెస్టులు జరిగాయి. విద్యార్థులతో పాటు రాజనీతిశాస్త్ర ప్రొఫెసర్ కె.వై. రత్నం, గణిత అధ్యాపకుడు తథాగత్ సేన్‌గుప్తా జైలుకు వెళ్లారు. 48 గంటలకు మించి కస్టడీలో ఉన్నారన్న సర్వీసు నిబంధన కింద జూన్‌లో వాళ్ల సస్పెన్షన్ బయటికి వచ్చింది. నిరసనల తర్వాత దాన్ని ఎత్తేశారు. పర్మనెంట్ ఉద్యోగం ఉన్న అధ్యాపకుల పరిస్థితే ఇది.

సీమకు తిరిగొస్తే

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో బోధన భారం పెద్ద భాగం కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకుల మీదే ఉంది. మళ్లీ రెన్యువల్ అవుతుందో లేదో తెలియని మాస్టారు విద్యార్థి పక్షాన సంతకం పెట్టాలంటే వెనకాడతాడు. అతని పిరికితనం అనుకుంటే సరిపోదు, అతని ఉద్యోగం ఎవరి చేతిలో ఉందో చూడాలి. 1991 విశ్వవిద్యాలయాల చట్టం కింద ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ సభ్యులను నియమించేది ప్రభుత్వం. అధ్యాపకులు ఎన్నుకున్న గొంతు అందులో ఉండదు.

అందుకే అధ్యాపక నియామకాల్లో రోస్టర్ మన విద్యార్థుల సమస్య కూడా. 2018లో యూజీసీ, విశ్వవిద్యాలయం మొత్తాన్ని కాకుండా విభాగాన్ని యూనిట్‌గా లెక్కించమంది. చిన్న విభాగాల్లో రిజర్వుడు పోస్టు వంతు వచ్చే అవకాశమే తగ్గిపోయింది. దేశవ్యాప్త నిరసనల తర్వాత 2019 చట్టం కేంద్ర సంస్థల్లో పాత పద్ధతిని తిరిగి నిలబెట్టింది. మన అధ్యాపకుడు లేకపోతే కౌన్సిల్‌లో మన సభ్యుడి ప్రశ్నే రాదు.

ఆదోని, ఎమ్మిగనూరు విద్యార్థులు అడగాల్సినవి

విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి నెలలోనే ఈ వివరాలు తెలుసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.

- ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌లో ఎస్సీ, ఎస్టీ సభ్యులు ఎంతమంది? వాళ్లు ఏ హోదాలో ఉన్నారు?
- 2012 యూజీసీ నిబంధనలు చెప్పిన సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉన్నారా? ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి?
- గైడ్ కేటాయింపు నియమాలు రాతలో ఉన్నాయా? ఎన్ని నెలల్లో ఇవ్వాలి?
- మీ విభాగంలో భర్తీ కాని రిజర్వుడు పోస్టులు ఎన్ని?

ఏ శిక్ష ఉత్తర్వు చేతికొచ్చినా కింద ఉన్న సంతకాన్ని చూసి ఆగిపోవద్దు. ఆ సంతకం పెట్టినాయనకు కమిటీలో ఓటు ఉందా, లేక పేరు మాత్రమే వాడుకున్నారా అని అడగండి. 2016లో దళిత అధ్యాపకులు దేశం ముందు పెట్టిన ప్రశ్న అదే.