పిల్లలతో కాలినడక



మన చరిత్రగ్రంథములు తెఱచి చూచినచో రాజుల దండయాత్రలు కనబడును. ఏ సైన్యము ఎన్ని ఆమడలు నడచెనో, ఏ కోటకడ విడిసెనో వానిలో వ్రాసియుండును. తల్లి చంకన ఒక బిడ్డను, తండ్రి భుజమున మఱియొక బిడ్డను మోయుచుండగా, తాత కఱ్ఱ తాటించుచు ముందు దారి తీయగా సాగిన కుటుంబముల నడకను గూర్చి మాత్రము ఒక్క ప్రకరణమైనను ఉండదు. అయినను ఈ దేశమున కాలిబాటలు పడినది సైన్యములవలన కంటె ఇట్టి కుటుంబముల పాదములవలననే యని నా తలంపు. నేడు ఆ నడకను గూర్చి కొంత మనవి చేసెదను. వినువారిలో ననేకులు మనుమలను ఎత్తి పెంచినవారే కనుక ఈ విషయము మీకు క్రొత్త కాదు.

మొదట కృష్ణాతీరమునకు పోవుదము. నేటి అమరావతికడ, నాటి ధాన్యకటకమున, మహాచైత్యము ఒకటి యుండెడిది. 1797లో మెకంజీ దొర దానిని చూచిన పిదప అక్కడి శిలలు క్రమముగా వెలికివచ్చెను. వానిలో పెక్కు ఇప్పుడు చెన్నపట్టణపు ప్రదర్శనశాలలోను, లండనులోను ఉన్నవి. ఆ స్తూపమునకును, దానిచుట్టు నున్న రాతికంచెకును నడుమ ప్రదక్షిణపథమను నడకబాట కలదు. యాత్రికుడు స్తూపమును కుడివైపున నుంచుకొని ఆ బాట వెంట చుట్టివచ్చును. నడచువానికి కనబడునట్లు శిలలపై బుద్ధుని చరిత్రయు, జాతకకథలును చెక్కియుండిరి. ఏనుగులు, గుఱ్ఱములు, చెట్లు, జనసమూహములు ఆ శిల్పములలో క్రిక్కిఱిసియున్నవి. అక్షరము రాని తల్లి తన బిడ్డకు ఆ బొమ్మలను వ్రేలితో చూపుచు, కథ చెప్పుచు నడచియుండునని ఊహించుట అసంగతము కాదు. అది కాళ్లతో తిరిగి చదువవలసిన పుస్తకము.

అక్కడి దానశాసనములు ప్రాకృతభాషలో నున్నవి. వానిలో రాజులకంటె గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు ఎక్కువగా కనబడుదురు. పూర్ణకుంభము చెక్కిన పలకమీది శాసన మొకటి నాకు మిక్కిలి ప్రియమైనది. విధికుడను చర్మకారుడు ఆ పలకను దానము చేసెను. అతడు నాగుడను ఉపాధ్యాయుని కుమారుడు. తాను ఒక్కడే పుణ్యము కట్టుకొనలేదు. తల్లితోను, భార్యతోను, సోదరులతోను, నాగుడను కుమారునితోను, కుమార్తెలతోను, జ్ఞాతిబంధుమిత్రులతోను కూడి యిచ్చితినని చెక్కించెను. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము ఆనాడే యున్నదని గమనింపుడు. తోలుపని చేయువాని తండ్రి చదువు చెప్పువాడై యుండుటయు గమనింపవలసినదే. శాసనము వారి నడకను గూర్చి చెప్పదు. కాని కుటుంబమంతటి పేరున పలక నిలిపినవాడు ఆ పలకను చూపుటకు తల్లిని, పిల్లలను వెంటబెట్టుకొని ఆ బాటపై ఒక్కసారియైనను తిరుగకుండునా? ఈ విధికుని మఱల తలచుకొనవలసివచ్చును గనుక జ్ఞాపకమున నుంచుకొనుడు.

ఇక తిరుమల. కొండ నెక్కిన పిల్లలలో మనకు పేరు తెలిసినవాడు తాళ్లపాక అన్నమయ్య. 1408లో పుట్టిన ఆ మహనీయుని చరిత్రను ఆయన మనుమడు చిన్నన్న ద్విపదగా వ్రాసెను. దానిని బట్టి చూడగా, ఎనిమిదేండ్ల బాలుడు ఇంటిపనులకు విసిగి, గడ్డి కోయబోయి వ్రేలు తెగినంతనే కొడవలి పాఱవైచి, త్రోవన పోవు యాత్రికుల గుంపుతో కలిసి కొండకు నడచెను. మోకాళ్లమెట్టుకడకు వచ్చునప్పటికి కాళ్లు పీకి, ఆకలిచే సొమ్మసిల్లి, చెప్పులతోనే నిద్రపోయెను. అపుడు అలమేలుమంగ పెద్దముత్తైదువవలె వచ్చి, చెప్పులు విడువుమని చెప్పి, ప్రసాదము పెట్టి లేపెనట. భక్తులు దీనిని మహిమగా చదువుదురు. నేను బడిపంతులను గనుక మఱియొకటియు చదువుచున్నాను. ఎనిమిదేండ్లవాడు ఎంత దూరము నడువగలడు, ఎక్కడ కూలబడును, కూలబడినపుడు వానికి ఏమి కావలయును అన్నది ఆ కథలో సరిగానున్నది. వానికి కావలసినది మందలింపు కాదు. నీడ, పిడికెడు అన్నము, ఒక పెద్దదిక్కు.

17వ శతాబ్దిలో మట్లరాజులు అలిపిరినుండి మెట్లు కట్టించిరి. ఆ త్రోవ సుమారు 9 కిలోమీటర్లు, మెట్లు 3,550. శ్రీనివాసమంగాపురము వైపునుండి పోవు శ్రీవారిమెట్టు దీనికంటె పొట్టిది, 2,388 మెట్లు. 1944లో కొండపైకి మొదటి ఘాటురోడ్డు పడునంతవఱకు నడచుటయో, డోలీలో మోయించుకొనుటయో తప్ప వేఱు గతి లేదు. డోలీ కలవారికి. తక్కినవారందఱును, తలనీలాలియ్యవలసిన చంటిబిడ్డతో సహా, మెట్లవెంటనే. మా తాతగారు ఘాటురోడ్డుకు పూర్వము ఎక్కినవారు. పిల్లలకు అలసట తెలియకుండుటకై ప్రతి మెట్టుకు పసుపుకుంకుమలు పెట్టించుచు ఎక్కించెడివారని మా యింట చెప్పుకొనెడివారు. పసుపు ఒకనికి, కుంకుమ ఒకతెకు అప్పగించినచో మెట్లెన్ని మిగిలినవని ఎవరును అడుగరు. 1974లో రెండవ రోడ్డు పడెను. నాటినుండి నడక అవసరము గాక మ్రొక్కుబడి యయ్యెను. అయినను నేటికిని వేలమంది పిల్లలతో నడచుచునే యున్నారు.

దూరయాత్రల మాట వచ్చినపుడు ఏనుగుల వీరాస్వామయ్యగారిని విడువరాదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగానుండిన ఆయన 1830 మే నెలలో కుటుంబముతోను పరివారముతోను, సుమారు నూరుమందితో, కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. ఆయన వ్రాసిన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయ్యెను. ఏ మజిలీనుండి ఏ మజిలీకి ఎంత దూరము, ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడ దిగుటకు చోటున్నది, ఏ యేఱు ఎట్లు దాటవలెను, అన్నియు అందున్నవి. స్వారి పల్లకీలో నైనను బోయీలు నడచినవారే కదా. కాళ్లు బోయీలవి, కలము అయ్యగారిది. అట్లయినను అట్టి గ్రంథము మఱియొకటి లేదు. కుటుంబముతో బయలుదేరువాడు మొదట నీళ్లను గూర్చి విచారింపవలెనను బుద్ధి దానివలన కలుగును.

ఇంతవఱకు పెద్దయాత్రలు. అయితే పిల్లల నడక నిజముగా పెంపొందినది ఊరి పొలిమేరలోపలనే. ఏడాదికి రెండు మూడు దినములు ఊరంతయు ఇల్లు విడిచి బయటికి నడచెడిది. దసరానాడు సీమోల్లంఘనము. తెలంగాణమున ఇప్పటికిని సాయంకాలము పిల్లాపెద్దలు ఊరిబయటి జమ్మిచెట్టుకడకు నడచి, పాలపిట్టను చూచి, జమ్మియాకును బంగారమని చేతికిచ్చి పెద్దల కాళ్లకు మ్రొక్కుదురు. అంతకు ముందు తొమ్మిది దినములు ఆడపిల్లలు తంగేడు, గునుగు పూవులకై పొలముగట్లవెంట తిరుగుదురు. ఏ గట్టుమీద గునుగు మొలచునో వారికి తెలిసినంత పట్వారీకి తెలియదు. సర్కారుజిల్లాలలో వీథిబడి పంతులు పిల్లలకు విల్లంబులిచ్చి, పాటలు పాడించుచు, బుక్కాగుండ చల్లించుచు ఇల్లిల్లు త్రిప్పెడివాడు. పంతులుకు కానుక, పిల్లలకు పప్పుబెల్లము. ఆ వృత్తి నేను చేపట్టునాటికే ఆ యాచారము ఇంచుమించు అంతరించినది. కానుక పోయినందులకు నాకు చింత లేదు. ఊరి ప్రతి గడపయు పిల్లవానికి పరిచయమగు దినము పోయినదనియే చింత.

కార్తికమాసపు వనభోజనములు అన్నిటికంటె గొప్పవి. వానలు వెనుదీసి, బాటలు ఆరి, ఎండ ఇంకను ముదురని కాలమది. ఉసిరికచెట్టు క్రింద భోజనము పుణ్యమని చెప్పి మన పూర్వులు ఇల్లాండ్రను వంటయింటి పొగనుండి ఒక దినమైనను బయటికి రప్పించిరి. తెల్లవాఱగనే గుండిగలు, బియ్యము, కూరలు బండిపై వేసి, మనుష్యులు నడచిపోదురు. మగవారు గాడిపొయ్యి త్రవ్వుదురు. పిల్లలు ఎండుపుల్లలు ఏఱి తెత్తురు. విస్తళ్లు కుట్టుట ముసలమ్మల పని. పులిహోర, దధ్యోదనము, గారెలు. పుల్ల తెచ్చిన పిల్లవాడు ఆ యన్నము తిన్నంత ఇంటియన్నము ఎన్నడును తినడు.

నేను ముప్పదియైదేండ్లు పిల్లలకు చదువు చెప్పితిని. బాల్యమున అమరకోశములోని వనౌషధివర్గమును వల్లించితిని. కింశుకమనగా మోదుగ, ఆరగ్వధమనగా రేల, ఆమలకమనగా ఉసిరిక యని బడిలో చెప్పినపుడు పిల్లలు ఆవులించెడివారు. కార్తికమున వారిని తోపునకు నడిపించుకొనిపోయి, ఆరగ్వధము ఎక్కడున్నదో చూపుడనగా, గొఱ్ఱెలకాపరి కొడుకు ఒకడు పరుగెత్తి రేలచెట్టుకడ నిలిచి, దాని పొడవైన నల్లకాయను గిలకవలె ఆడించి చూపెను. అమరసింహుని పదము ఆ తరగతిలో ఒక్కడును మఱల మఱవలేదు.

ఇపుడు కొంచెము కటువైన మాట. పూర్వము వనభోజనములలో అందఱును కలిసి తినిరని చెప్పుట అసత్యము. పంక్తులు వేఱుగనుండెను. కొందఱిని తోపులోనికే రానిచ్చెడివారు కారు. బడి వచ్చినది, చట్టము వచ్చినది. ఆ గీతలు చాలవఱకు చెఱిగినవి. చెఱిగిన గీతలను మనమే ఇప్పుడు గుడ్డబ్యానర్లపై పెద్దయక్షరములతో మఱల గీయుచున్నాము. కార్తికము వచ్చిన చాలు, ఫలానా కులమువారి వనభోజనములని ప్రకటనలు వెలయుచున్నవి. వానికి పోవువారు నడచియు పోరు. బస్సులలోను కార్లలోను పోయి, మైకుల క్రింద ఉపన్యాసములు విని, వడ్డనవారు పెట్టినది తిని వత్తురు. ఉసిరికచెట్టు లేనిచో కుండీలో మొక్క చాలును. బంధువులు కలిసికొనుట తప్పని నేననను. కాని మన మనుమడు బడిలో ప్రక్కన కూర్చుండు నేస్తమును పిలువవచ్చునా యని అడిగినపుడు, ఆ పిల్లవాడు మనవాడు కాడని చెప్పవలసివచ్చును. ఆ మాట చెప్పునట్టి తాతలమగుటకు నేను ఒప్పను. ధాన్యకటకమున చర్మకారుని కుటుంబము పేరు ఱాతిపై చెక్కుటకు వెనుదీయని ఆంధ్రదేశమిది. ఊరి తోపునకు పోవుదినమున ఊరి పిల్లలందఱును ఒకే బాటను నడచుట మన చేతిలోని పని; పెద్దలు పిలిచినచో వత్తురు.

పిల్లలను బాట పట్టించుటలో అపాయము లేదా? కలదు. 2023 జూన్ నెలలో అలిపిరి మెట్లదారిన ఒక చిన్నబాలుని చిరుతపులి ఎత్తికొనిపోగా, దైవవశమున ప్రాణముతో దక్కెను. ఆగస్టు నెలలో ఆఱేండ్ల బాలిక దాని వాతబడి మరణించెను. ఆ వార్త వినిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిదప దేవస్థానమువారు మధ్యాహ్నము 2 గంటలు దాటినచో పదునైదేండ్లలోపు పిల్లలను ఆ దారిని విడువరాదని నియమించిరి, నడచువారికి చేతికఱ్ఱలు ఇప్పించిరి, గుంపులుగా పొమ్మనిరి. కఱ్ఱలను చూచి నవ్వినవారు కలరు. నేను నవ్వను. పూర్వపు యాత్రికులు గుంపు కట్టక, కఱ్ఱ పట్టక అడవి దాటిన దెన్నడు? ముందు ఇద్దఱు, వెనుక ఇద్దఱు, నడుమ పిల్లలు, ప్రొద్దు వాలకముందే మజిలీ చేరుట, ఇదియే వారి శాసనము. పిల్లవాడు ముందునకు పరుగెత్తుట, పెద్దలు వెనుక ముచ్చటలలో మునుగుట, ఇది బస్సుకాలపు నడక.

ఉత్తరాంధ్రమున సింహాచల గిరిప్రదక్షిణమును చూచినవారికి ఈ క్రమము తెలియును. ఆషాఢశుద్ధ చతుర్దశినాడు కొండక్రింద తొలిపావంచాకడ టెంకాయ కొట్టి, సుమారు 32 కిలోమీటర్లు కొండచుట్టు నడతురు. చాలమంది రాత్రియంతయు నడచి పూర్ణిమ ఉదయమునకు ముగింతురు. త్రోవపొడవున మజ్జిగ, నీళ్లు ఇచ్చువారుందురు. అంత దూరము పసిపిల్లలకు తగదు. ఎదిగిన పిల్లవాడు అడిగినచో మాత్రము వలదనకుడు; పగటివేళ మొదలిడి, కొంత దూరము నడిపించి, అక్కడనుండి ఎవరినైన తోడిచ్చి ఇంటికి పంపుడు. మఱుసటి యేడు అతడే ఇంకొంత నడచును.

రానున్న కార్తికమునకు మీ యూరిలో ఏ తోపు మిగిలియున్నదో, అందు ఉసిరికచెట్టు బ్రతికియున్నదో లేదో ముందుగా పోయి చూచిరండు. లేనిచో ఈ వానకాలముననే ఒక మొక్క నాటి, ముండ్లకంప కట్టించుడు. క్రోసుదూరము మించనిచో ఆఱేండ్ల పిల్లలు హాయిగా నడతురు. దారిలో మంచినీళ్ల బావి ఎక్కడనున్నదో కనుగొనుడు. మోయవలసిన పిల్లలకొఱకు బండి ఒకటి వెనుక రానిండు. మనబోటి మోకాళ్లవారికిని అది పనికివచ్చును.

సెలవు.