విద్యలో సబ్రహ్మచారి పాదం

విద్యను నాలుగు పాదాలుగా విభజించిన మన పూర్వులు అందులో ఒక పాదాన్ని సబ్రహ్మచారులకు, అనగా ఒకే గురువు వద్ద అధ్యయనం చేసే తోటివారికి కేటాయించారు. ఆచార్యునికి దక్కినదీ ఒక పాదమే. మిగిలినవి స్వబుద్ధికి, కాలానికి. ఒకే గురువు సన్నిధిలో వసించే వానికి సతీర్థ్యుడనే పదాన్ని పాణిని ప్రత్యేకంగా సాధించి చూపాడు. అక్కడ తీర్థమంటే గురువే. ఈ మూడవ పాదం కేవలం శాస్త్రోక్తి మాత్రమేనా, లేక మన గ్రామాలలో ఆచరణలో ఉన్నదా అనే సందేహానికి కనగానపల్లి ప్రాంతం వారికి దూరం వెళ్లనవసరం లేదు.

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లాలలోని దేశీయ పాఠశాలల స్థితిని తెలుపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న తన నివేదిక సమర్పించాడు. ఆయన తెలుగు వ్యాకరణం రచించిన వాడు కూడా. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని కనగానపల్లి, ధర్మవరం ప్రాంతాలు అప్పుడు బళ్లారి జిల్లాలోనివే. అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1882లో. కనుక ఆ నివేదిక మన ముత్తాతల చదువు గురించినదే.

అందులోని వర్ణన ఆసక్తికరం. ఐదవ యేట శిశువును విఘ్నేశ్వర ప్రతిమ ముందు కూర్చుండబెట్టి, బియ్యంలో వ్రేలితో దేవతానామం వ్రాయించేవారు. బడి ఉదయం ఆరు గంటలకు ఆరంభం. మొదట వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి పేరు వ్రాస్తారు. రెండవవానికి సున్న, అంటే ప్రశంసా లేదు, నిందా లేదు. మూడవవానికి తేలికపాటి దెబ్బ ఒకటి, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చిన ప్రతివానికీ ఒక్కొక్కటి అధికం. (ఆలస్యానికి ఇంత సూక్ష్మమైన గణితం నేటి కళాశాలలలోనూ లేదు.) విద్యార్థులు సాధారణంగా నాలుగు తరగతులు. పై తరగతుల వారిని గురువు స్వయంగా చూస్తాడు. క్రింది తరగతుల వారు కొంతమేర పెద్ద విద్యార్థుల సంరక్షణలో ఉంటారు. గురుదృష్టి మాత్రం బడి అంతటా ప్రసరిస్తూనే ఉంటుంది. క్యాంబెల్ గుర్తించిన ముఖ్య విషయం ఇది: చిన్నవానికి నేర్పుతున్న పెద్దవాడు తన జ్ఞానాన్నే దృఢపరచుకుంటున్నాడు. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం ఉచితమేనని కూడా ఆయన అభిప్రాయపడ్డాడు.

ఆ అనుకరణకు కారకుడు ఆండ్రూ బెల్. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర పాఠశాలను పర్యవేక్షిస్తున్న కాలంలో, ఒక దేశీయ బడి పిల్లలు ఇసుకపై అక్షరాలు దిద్దడం ఆయన చూశాడు. తన పాఠశాలలోనూ అట్లే చేయించబోతే ఉపాధ్యాయులు సహకరించలేదు. అప్పుడు ఎనిమిదేళ్ల బాలునికి ఆ తరగతిని అప్పగించాడు. 1797లో లండన్‌లో ఈ ప్రయోగాన్ని ప్రకటించాడు. అది మద్రాసు పద్ధతిగా ప్రసిద్ధి పొందినది.

అయితే క్యాంబెల్ నివేదికను కేవలం స్తుతిగా చదవడం న్యాయం కాదు. 9,27,857 మంది జనాభాకు పాఠశాలలు 533, విద్యార్థులు 6,641. బాలికలు అరవై మంది మాత్రమే. కావ్యభాషలోని పద్యాలను అర్థం తెలియకుండానే పిల్లలు వల్లిస్తున్నారని ఆయన విమర్శించాడు. దేశం క్రమంగా దరిద్రమై పోవడం వలన పూర్వం బడులున్న అనేక గ్రామాలలో ఇప్పుడు బడి లేదని కూడా వ్రాశాడు. ఉన్నంతలో కొందరికి దక్కిన విద్యలో తోటివాని పాదం సజీవంగా ఉన్నదని మాత్రమే మనం చెప్పగలం.

అనంతపురానికి ఉన్నతవిద్య క్రమంగా చేరినది. 1946లో స్థాపితమైన ఇంజనీరింగ్ కళాశాల, 1968లో స్నాతకోత్తర కేంద్రం, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. ఇప్పుడు వేరుశనగ పండించే ఇంటి నుండి, ఆ వంశంలో మొదటిసారిగా, ఒక బాలిక అక్కడికి చేరవచ్చు. తెలుగులో చదివిన గణితం హఠాత్తుగా ఆంగ్లంలో ఎదురవుతుంది. ఏ గ్రంథం ముందు చదవాలి, సందేహం ఎవరిని అడగాలి, గ్రంథాలయంలో ఏది ఎక్కడ ఉన్నది అన్నవి ఇంట్లో ఎవరూ చెప్పగలిగినవి కావు. చెప్పగలిగినది నిరుడు అదే కష్టం పడిన సీనియర్. కానీ ఆ సీనియరే భయహేతువు కావడం వలన 1997లో రాష్ట్రం ర్యాగింగ్ నిషేధ చట్టం చేయవలసి వచ్చినది. అది అవసరమే, అవమానం అధ్యయనం కాదు. అయితే చట్టం పెద్దవానిని చిన్నవాని నుండి దూరంగా నిలుపగలదే గాని, ప్రక్కన కూర్చుండబెట్టలేదు. 2019లో యూజీసీ దీక్షారంభం పేరుతో నూతన విద్యార్థులకు పరిచయ కార్యక్రమాన్ని సూచించినది. పేరు మన సంప్రదాయానిదే. కానీ తొలి దినాల ఉపన్యాసాలు ముగిసిన తరువాత వచ్చే రాత్రులే కఠినం.

ఆ రాత్రులలో ఒకనాడు, మూడవ సంవత్సరం చదివే అమ్మాయి వసతిగృహంలో క్రొత్తగా వచ్చిన అమ్మాయికి కలనగణితంలో ఒక సిద్ధాంతం తెలుగులో వివరిస్తుంది. మధ్యలో ఆగిపోతుంది; ఆ మెట్టు తాను పరీక్షకు కంఠస్థం చేసినదే గాని గ్రహించినది కాదు. ఇద్దరూ కలిసి పుస్తకం మొదటికి తిప్పుతారు.